ఏడు హాలీలకు ఆరు కల్దార్లు

నెక్కొండలో రైలెక్కి బెజవాడ వెళ్లే మనిషికి ఒకప్పుడు టికెట్టుతోపాటు ఇంకో లెక్క కూడా ఉండేది. ఇక్కడ చెల్లేది నిజాం హాలి సిక్కా, అక్కడ చెల్లేది ఇంగ్లీషు వాళ్ల కల్దారు. 1889లో బెజవాడ చేరిన నిజాం రైలు ఈ రెండు రూపాయలనూ ఎదురెదురుగా నిలబెట్టింది. హాలి అంటే ఇప్పుడు నడుస్తున్నదని, కల్దారు అంటే యంత్రం మీద అచ్చయిందని అర్థం. మారకం స్థిరపడ్డాక ఏడు హాలీలకు ఆరు కల్దార్లు వచ్చేవి.

ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో త్రాసులో వేస్తే తెలుస్తుంది. కల్దారు బరువు తులం, అంటే 11.66 గ్రాములు. అందులో దాదాపు 91.7 శాతం వెండి. హాలి రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. ఆరు కల్దార్లలో ఉండే వెండి 64 గ్రాములు. ఏడు హాలీలలోనూ 64 గ్రాములే!

హాలి బిళ్లను గుర్తుపట్టడానికి ఉర్దూ, ఫార్సీ రాకపోయినా ఫరవాలేదు. 1857 దాకా నిజాం నాణేల మీద ఢిల్లీ మొగల్ పాదుషా పేరే ఉండేది. ఆ తర్వాత ఆసఫ్ జా పేరు, దాని పైన 92 అంకె వచ్చాయి. అక్షరాలకు అంకెలిచ్చి లెక్కకట్టే అబ్జద్ పద్ధతిలో ముహమ్మద్ అనే పేరు విలువ అది. హిజ్రీ 1321లో, అంటే 1903-04లో, చార్మినార్ బొమ్మ నాణెం మీదికెక్కింది. ఆ బొమ్మ నడిమి కమాను లోపల భూతద్దంతో చూడాలి. మీమ్ అక్షరం ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది. అయిన్ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఆయన తొలి నాణేల మీద అయిన్ సగమే కనిపిస్తుంది, తర్వాతి వాటి మీద పూర్తిగా ఉంటుంది. సేకరించే వాళ్లు ఈ రెండు రకాలనూ వేర్వేరుగా లెక్కిస్తారు.

అన్ని చార్మినార్ రూపాయలూ ఒకటి కావు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, హిజ్రీ 1361 నుంచి, బరువు మారలేదు గానీ వెండి సగానికి తగ్గింది. నిజాం బంగారు నాణెమైన అష్రఫీది కూడా అదే బరువు, అందులో బంగారం 91 శాతం.

కల్దారు కథలో మాత్రం అమెరికా కూడా ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో నోట్లు తెచ్చి వెండి రూపాయలు ఇమ్మనే వాళ్లు పెరిగిపోయి, బ్రిటిష్ ఇండియా ఖజానాలో వెండి అడుగంటింది. 1918 ఏప్రిల్‌లో అమెరికా, నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్ పేరుతో చట్టం చేసి, 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. ఆ వెండిలో సింహభాగం ఇండియా కోసమే బ్రిటన్‌కు అమ్మారు. అది మన టంకశాలల్లో ఐదో జార్జి బొమ్మ రూపాయలైంది. ఒక్కో డాలరులో 24 గ్రాముల వెండి. అంటే రెండు కల్దార్లకు సరిపోగా ఇంకా కాస్త మిగులుతుంది.

ఆ కరిగింపు అమెరికా నాణేల విలువనే తలకిందులు చేసింది. 1878లో మొదలైన మోర్గన్ డాలరు ఏ ఏడాది ఎన్ని అచ్చయిందో లెక్కలున్నాయి. ఏ ఏటివి ఎన్ని కొలిమిలో పడ్డాయో లెక్క లేదు. అందుకే అక్కడి సేకర్తలు అచ్చువేసిన సంఖ్యను మాత్రమే నమ్ముకోరు. ఏడాది, టంకశాల గుర్తు, అరుగుదల కూడా చూసి, 1 నుంచి 70 దాకా ఉండే కొలమానం మీద స్థాయి నిర్ణయిస్తారు.

మన ఇళ్లలోని బిళ్లలకూ ఆ చూపే కావాలి. చింతపండుతో తోమితే తళతళలాడుతుంది గానీ, పాతదనపు పొర పోయి ధర పడిపోతుంది. దండలో గుచ్చడానికి కొక్కెం అతికించిన దానికి వెండి ధర దక్కితే దక్కినట్టు. చేను దున్నుతుంటే లంకెబిందె దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

హైదరాబాద్ విలీనమయ్యాక కొన్నేళ్లు రెండు రూపాయలూ నడిచాయి. 1959తో హాలి చెలామణీ ముగిసింది. నెక్కొండలో ఏ పెట్టెలోనైనా 1919 అంకె వేసిన కల్దారు ఇంకా ఉంటే, దానిలోని వెండి ఒకప్పుడు నెవాడా గనుల్లో పుట్టి, డాలరై, కరిగి, సముద్రం దాటి వచ్చినదై ఉండొచ్చు. కంసాలి మూసలో పడితే అది మరోసారి కరిగిపోతుంది, ఈసారి దాని మీది అంకెను ఎవరూ చదవకుండానే.