పంది పిల్లకు తల్లిపాలు చాలని రోజులు
కృష్ణా డెల్టాలో పందుల పెంపకం మీద బతికేవాళ్లలో ఎరుకల కుటుంబాలే ఎక్కువ. ఊరి చివర మట్టి తవ్వుకుంటూ తిరిగే పిల్లకు ఇనుము ఆ మట్టిలోనే దొరికేది. సిమెంటు దొడ్డిలో ఆ దారి మూసుకుపోతుంది. రోజుకు సుమారు 7 మిల్లీగ్రాములు అవసరమైతే తల్లిపాలలో వచ్చేది 1 మాత్రమే. అందుకే పుట్టిన 3, 4 రోజుల్లో ఇనుము ఇంజెక్షన్ వేయించాలి. లేకపోతే రక్తహీనతతో పిల్లలు పాలిపోయి చనిపోతాయి.

మూడో వారం దాటాక పాలు తగ్గుతాయి. కాబట్టి రెండో వారం నుంచే, తల్లి దూరలేని మూలలో, మొక్కజొన్న పిండి, నూకలు, వేరుశనగ చెక్క, చేపల పొడి కలిపిన దాణా కొద్దికొద్దిగా పెట్టాలి, పక్కనే మంచినీళ్లు ఉంచాలి. చౌకని తవుడే పెడితే పీచు ఎక్కువై అరగదు. పాలు మాన్పించేది సాధారణంగా 6 నుంచి 8 వారాలకు.

గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. పందులను దొడ్లో కట్టేయమనే అధికారులు ఇంజెక్షన్‌ను కూడా ఆ దొడ్డి దాకా పంపాలి.