కొరడా దెబ్బల సగటు

వ్యాపార చరిత్ర అంటే చాలాకాలం యజమానుల జీవిత చరిత్రే. ఖాతా పుస్తకాలు, ధరల పట్టికలు, జనాభా లెక్కలు పోగుచేసి కంప్యూటర్‌తో విశ్లేషించే గణాంక పద్ధతి ఆ ధోరణికి అడ్డుకట్ట వేసింది. మహాపురుషుల కథల స్థానంలో సరిచూడగల లెక్కలు రావడం నిస్సందేహంగా ముందడుగే. అయితే ఆ లెక్క ఎవరి చేతిరాత? దేన్ని దేనితో భాగించారు? ఈ ప్రశ్నలు వేయకపోతే అంకె కూడా పాత కథనే చెబుతుంది.

1974లో రాబర్ట్ ఫోగెల్, స్టాన్లీ ఎంగర్మన్ ‘టైమ్ ఆన్ ది క్రాస్’ ప్రచురించారు. అమెరికా దక్షిణాది బానిస తోటలను లాభాల కోసం నడిచిన వ్యాపారాలుగా పరిశీలించి, అవి ఉత్తరాది స్వేచ్ఛా వ్యవసాయం కంటే 35 శాతం ఎక్కువ సమర్థమైనవన్నారు. నల్లజాతి శ్రామికులు సోమరులన్న అపవాదును తుడిచివేయాలన్నది వారి ఉద్దేశాల్లో ఒకటి. అదే పుస్తకంలో లూసియానా తోట యజమాని బెన్నెట్ బారో రికార్డు ఉంది: రెండేళ్లలో 160 కొరడా శిక్షలు. పనివాళ్ల సంఖ్యతో భాగిస్తే తలకు ఏడాదికి 0.7. ఎంత స్వల్పం!

1975లో హెర్బర్ట్ గట్‌మన్ అదే 160ని తీసుకుని, మనుషులతో కాక రోజులతో భాగించాడు. సగటున 4.56 రోజులకొకసారి ఆ తోటలో కొరడా లేచింది. దెబ్బ తిన్నది ఒక వీపే, భయపడింది వాడంతా. యజమానికి కావలసిందీ ఆ భయమే. మొదటి సగటు దాచినదాన్ని రెండో సగటు బయటపెట్టింది.

గట్‌మన్ అంకెల్ని తోసిపుచ్చలేదన్నది ఇక్కడ గమనించాలి. తిరిగి లెక్కవేశాడు. 2018లో కైట్లిన్ రోజెంతాల్ ‘అకౌంటింగ్ ఫర్ స్లేవరీ’లో మరో అడుగు వేసి, ఆ చిట్టాలనే చరిత్రగా చదివింది. ఎవరు రోజుకెంత పత్తి ఏరారో యజమానులు పేరుపేరునా తూకం రాసుకున్నారు. ఏటేటా మనుషుల ఖరీదు కట్టి, పెరుగుదల, తరుగుదల లెక్కించారు. అంటే చిట్టా దోపిడీకి కేవలం సాక్షి కాదు, పనిముట్టు కూడా.

కథను ఎవరి గొంతు చెబుతోందని అడగడం సాహిత్య విద్యార్థికి అలవాటే. పట్టికనూ అలాగే అడగాలి. అంకెలంటే జంకి పక్కకు తప్పుకునే రచయిత, భాగహారాన్ని యజమానికే వదిలేసినవాడవుతాడు.