నెలలు నిండని శిశువులు

ఏడవనెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవనెల బిడ్డ బ్రతుకదు అను మాట మన పల్లెలలో వినని వారరుదు. ఇది కేవలము ముసలమ్మల మాట కాదు. ఎనిమిదవ మాసమున ఓజస్సు నిలుకడలేక యుండుననియు, అప్పుడు జనించిన శిశువు జీవించుట దుర్లభమనియు చరక సుశ్రుత సంహితలును జెప్పుచున్నవి. హిపోక్రటీసు పేర వెలసిన యవనవైద్యగ్రంథములలో ఎనిమిదవనెల శిశువును గూర్చి ప్రత్యేకముగ నొక గ్రంథమే కలదు. అయినను ప్రకృతి యీ మాటను మన్నింపలేదు. గర్భమున గడచిన ప్రతి వారమును శిశువునకు బలమే. పూర్వులయెడ మాకు గౌరవము లేకపోలేదు. కాని విధి యని చేతులు ముడుచుకొన్నచోట యత్నము పుట్టదు. ఆ యత్నమెట్లు పుట్టినదో, పుట్టియు అందరికి సమముగ నేల చేరలేదో విచారింతము.

1880 ప్రాంతమున పారిసు నగరపు ప్రసూతి వైద్యుడు టార్నియే, జంతుప్రదర్శనశాలలో కోడిగ్రుడ్లను పొదిగించు పెట్టెలను జూచి, అట్టిదానినే శిశువులకై చేయించెను. 2,000 గ్రాములకు లోబడిన శిశువులలో నూటికి 66 గా నున్న మరణములు 38 కి దిగినవని యా యాసుపత్రి ప్రకటించెను. ఆయన శిష్యుడు బ్యుడేను, చల్లబడి వచ్చిన శిశువులలో పెక్కురు దక్కకుండుట గమనించి, వెచ్చదనమును తల్లిపాలును ముఖ్యములని బోధించెను. అనగా ఒకే నగరమునందును ఆసుపత్రికి దూరమెంత యనునదే యాయువును నిర్ణయించుచుండెనన్నమాట. అమెరికాలోనో, 1903 మొదలు 1943 వరకు కోనీ ద్వీపపు వినోదస్థలమున కూనీ యనునతడు ఇట్టి శిశువులను ప్రదర్శించి, చూడవచ్చిన వారియొద్ద రుసుము గొని, తలిదండ్రులయొద్ద కాసైన గొనక పోషించెను. అనేకములగు ఆసుపత్రులలో లేని సంరక్షణ తమాషాలు చూపుచోట దొరకుట యెంత వింత!

సంపద యొక్కటియే శిశువునకు శ్రీరామరక్ష యనుకొనరాదు. 1940 ల నాట సకల సాధనములుగల ఆసుపత్రులు ప్రాణవాయువును మితిలేక యొసగగా వేలకొలది శిశువులు అంధులైరి. సాధనములు తక్కువైన చోట్ల ఆ కీడు తక్కువగ నుండెను. 1951 లో మెల్బోర్నునందు కేట్ కాంబెల్ యీ సంబంధమును వెల్లడించెను. తరువాతి పరీక్షలు దానిని స్థిరపరచినవి. మితము తెలియని మందు విషమే.

ఊపిరితిత్తులను విచ్చియుంచు పదార్థము చాలకపోవుటయే యీ శిశువుల శ్వాసబాధకు మూలమని 1959 లో మేరీ ఎలెన్ ఏవరీ, మీడ్ అనువారు నిరూపించిరి. ఆ బాధతోడనే 1963 లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కుమారుడు రెండుదినములైన నిండకమున్నె గతించెను. నాటికి అధికారమునకును సాధ్యము కాని పని, 1972 లో ఒక సూదిమందునకు సాధ్యమయ్యెను. పురుటికి ముందు తల్లికి స్టెరాయిడు నొసగిన శిశువు ఊపిరితిత్తులు త్వరగ పక్వమగునని న్యూజిలాండు దేశపు ఆక్లండులో లిగ్గిన్సు, హౌవీ అను వైద్యులు చూపిరి. మందు చౌక, ఫలము గొప్పది. అయినను అమెరికాలోని జాతీయారోగ్య సంస్థల పండితసభ దానిని విరివిగ వాడవలెనని చెప్పుటకు 1994 వరకు జాగయ్యెను. ఆ 22 ఏండ్లలో దక్కవలసి దక్కని బిడ్డల లెక్క యెవరప్పగింతురు?

2011, 2012 సంవత్సరములలో ఐరోపాలోని 11 దేశములకు చెందిన 19 మండలములలో, 32 వారములు నిండకమున్ను పుట్టిన 7,336 మంది శిశువుల వృత్తాంతమును పండితులు పరిశీలించిరి. తగిన ఆసుపత్రిలో పురుడు, ముందుగ స్టెరాయిడు, పుట్టగనే వెచ్చదనము, సకాలమున శ్వాసకు సాయము: తమకు వలసినవన్నియు పొందినవారు నూటికి 58 మందియే! అందరికి నందియుండినచో మరణములు నూటికి 18 వంతులు తగ్గియుండెడివని వారి గణన. సంపన్నదేశములలోనే యింత భేదమున్నది. ఇచట కొరవడినది విద్య కాదు, తెలిసినదానిని తప్పక చేయు నియమము.

ఇక లోకమంతయు జూడుడు. 2020 లో ఒక కోటి 34 లక్షల శిశువులు నెలలు నిండకయే పుట్టిరి. అందు దాదాపు 30 లక్షలు మన భారతదేశమువారే. 28 వారములు నిండని శిశువులలో పేదదేశములందు పదింట తొమ్మిదిమందికి పైగ మృతినొందుచుండగా, ధనికదేశములందు పదింట ఒక్కరికంటె తక్కువమందియే పోవుచున్నారు. శిశువు చేసిన నేరమేమి? పుట్టిన చోటే నేరమాయెను.

ఐనను నిరాశకు దావు లేదు. పెట్టెలు చాలని బొగోటా నగరమున 1978 లో ఎడ్గార్ రే యనువాడు శిశువును తల్లి రొమ్మున కానించి కట్టు పద్ధతిని నెలకొల్పెను. పుట్టినవెంటనే యిట్లు చేసినచో మరణములు నాలుగవవంతు తగ్గునని, మన దేశముతో గూడిన అయిదు దేశముల పరీక్ష 2021 లో తేల్చినది. పేదదేశమున పుట్టిన యీ పద్ధతి నేడు ధనికదేశములకును పాఠమైనది.

మన జిల్లా ఆసుపత్రులలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగములు వెలసినవి. కాని నొప్పులు ముందుగ వచ్చిన తల్లి, పుట్టుకకు ముందే అచటికి చేరినగదా ప్రయోజనము! బిడ్డ పుట్టిన పిమ్మట చలిలో మోసికొనిపోవుట, బ్యుడేను చూచిన కథను మరల నడపుటయే. కావున ఇంట పెద్దలైనవారు "ఎనిమిదవనెల బిడ్డ, ఏమి చేసిన నేమి" అను మాటను విడిచి, బండి కట్టించుట మేలు. ఓజస్సు చలించునో చలింపదో కాని, మన మనస్సు మాత్రము చలింపవలయును.