కొలిమి ముందర సైకిలు వీరుఁడు

ముప్పదియేండ్లు సైకిలుమీఁదనే పాఠశాలకుఁ బోయిన పంతులను నేను. కావున ఫ్రాన్సుదేశీయుఁడగు యూజెన్ క్రిస్టోఫ్ చరిత్రము నా మనస్సున నాటుకొన్నది.

ఇతఁడు 1885లో జన్మించెను. తాళములు చేయుట తొలివృత్తి. 1913లో, మజిలీ మజిలీగా ఫ్రాన్సుదేశమును జుట్టివచ్చు ‘టూర్ ద ఫ్రాన్స్’ పందెమున, పిరెనీస్ పర్వతములలోని తూర్మలే కనుమ దిగుచుండఁగా, ముందుచక్రమును బట్టియుండు ఫోర్కు విఱిగెను. పరుల సాయము పొందరాదని నియమము. సైకిలును మోసికొని పది కిలోమీటర్లకుఁ బైగా నడచి, సెంత్‌మారీ ద కాంపాన్ అను పల్లెలోని కమ్మరికొలిమిని జేరెను. అధికారులు చూచుచుండఁగా తానే యినుము కాల్చి, సమ్మెటతోఁ గొట్టి, యతికెను. మూఁడు గంటలు గడచెను. చేతులు తీరికలేక యొక బాలునిచే తిత్తి యూఁదించెను. అదియు నేరమే యఁట! పది నిమిషములు దండన విధించి, పిదప మూఁడింటికిఁ దగ్గించిరి. బడిలో నేనును నియమములు కఠినముగా నడపినవాఁడనే. ఈ తీర్పు మాత్రము నాకు మ్రింగుడు పడదు. కడకు దక్కినది యేడవ స్థానము.

యుద్ధానంతరము 1919లో, అందఱికంటె ముందున్నవానికిఁ బసుపుపచ్చని యంగీ తొడుగు నాచారము పుట్టెను. దానిని మొదట ధరించినవాఁ డితఁడే. రెండు మజిలీలే మిగిలియుండఁగా, వలాన్సియెన్ పట్టణమున మరల ఫోర్కు విఱిగెను! మరల కొలిమియే గతి. ఈసారి మూఁడవవాఁడయ్యెను. జనులు జాలిగొని చందాలు పంపిరి.

1926లో పందెములు మానువఱకు ఆ టూరును గెలువనే లేదు. 1970లో గతించెను. సెంత్‌మారీ పల్లెలో నిప్పుడతని విగ్రహ మున్నది.