నీళ్ళకు పద్దు రాసిన ఊళ్ళు

పశ్చిమ ప్రకాశంలో నేల కింద ఉన్నది గట్టి రాయి. దాని పగుళ్ళలో నిలిచిన కాసిని నీళ్ళే మిరపకూ, పత్తికీ, వరికీ ఆధారం. 1995లో నెదర్లాండ్స్ సాయంతో ఏపీవెల్ ప్రాజెక్టు ఆంధ్రప్రదేశ్‌లో ప్రకాశంతో సహా ఏడు కరువు జిల్లాలకు వచ్చింది. చిన్న రైతులు నలుగురు కలిసి వాడుకునేలా బోరు వేయించడం దాని పని.

బోరు పడిన చోట పంట పండింది. కాని దాని పక్కనే మరొకటి, ఇంకా లోతుకు వేరొకటి పడేవి. వేసిన బోర్లను లెక్కపెడితే సాయం ఫలించినట్టే. అడుగున మాత్రం నీరు కిందికి దిగుతూనే ఉంది. ఆఫీసుల్లోని భూగర్భ జలాల నివేదికలు పొలం గట్టుకు చేరేవి కావు. 2002లో బోర్లను నియంత్రించే వాల్టా చట్టం వచ్చినా బోరు యంత్రాలు ఆగలేదు.

కొలిచే పని రైతుకే అప్పగిస్తే? ఏపీవెల్ చివరి సంవత్సరాల్లో మొలకెత్తిన ఈ ఆలోచనే 2003 తరువాత ఏపీఫామ్స్ ప్రాజెక్టుగా ఎదిగింది. చిన్న దేశాల నుంచి నేరుగా సాయం తీసుకోవడం మానుకోవాలని సరిగ్గా 2003లోనే భారత ప్రభుత్వం నిర్ణయించింది. పని అక్కడితో ఆగిపోవలసిందే. కాని డచ్చి నిధులు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా వచ్చాయి. ఊళ్ళలో బర్డ్స్ వంటి స్వచ్ఛంద సంస్థలు నిలబడ్డాయి.

ఈసారి బోరూ లేదు, సబ్సిడీ లేదు. ఇచ్చింది వానమాపకం, నీటిమట్టం కొలిచే పరికరం, శిక్షణ. అంత తక్కువ ఇచ్చి అంత ఎక్కువ ఆశించడం నిజంగా సాహసమే! ఆడా మగా రైతులు పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం చూసి పుస్తకంలో రాశారు. డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో చూసి మోటారు ఎంత తోడుతోందో తేల్చారు. రబీకి ముందు ఒకే వాగు పరీవాహకంలోని ఊళ్ళన్నీ కూర్చుని, వాన ఎంత పడింది, ఎంత ఇంకింది, ఎవరు ఎన్ని ఎకరాలు ఏం వేస్తారు అని లెక్క కట్టేవారు. తరచూ లోటే తేలేది. వరి వేయొద్దని ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఆ అంకె చూశాక చాలామంది తక్కువ నీటి పంటలకు మళ్ళారు.

2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ లెక్కలను పరిశీలించింది. 42 శాతం పరీవాహకాల్లో రబీలో తోడే నీరు వరసగా తగ్గింది, 51 శాతంలో అప్పుడప్పుడూ తగ్గింది, 7 శాతంలో పెరిగింది. ఆ తగ్గుదలలో వానల వాటా ఎంత, ధరల వాటా ఎంత అని తరువాత పరిశోధకులు నిలదీశారు. అడగవలసిన ప్రశ్నే. అలా అడగడానికి ఆధారమైనవి కూడా రైతులు రాసిన ఆ పుస్తకాలే.