ఫాదర్ దుషాం, కృష్ణాపురం పట్టికలు

రాయలసీమ పంచాంగ గణితాన్ని 18వ శతాబ్దంలో పారిస్ ఖగోళ శాస్త్రజ్ఞులకు చేర్చిన ఫ్రెంచి జెసూట్ గురువు ఫాదర్ గ్జావియే దుషాం. నేటి అనంతపురం ప్రాంతంలోని కృష్ణాపురం ఆనాడు జెసూట్ల మిషన్ కేంద్రాల్లో ఒకటి. 1750 ప్రాంతంలో ఆయన పంపిన గణిత పట్టికలు ఐరోపా శాస్త్ర చరిత్రలో ఆ ఊరి పేరుతోనే నిలిచాయి.

ఆ గురువులకు ఆకాశంతో పని పడింది రేఖాంశాల కోసం. ఒక చోటి రేఖాంశం తేల్చాలంటే గ్రహణాలనూ గురుగ్రహ ఉపగ్రహాలనూ కాలం తప్పకుండా గమనించాలి. అందుకే 14వ లూయీ రాజు గణితం వచ్చిన జెసూట్లను ఏరి సయాం, చైనాలకు పంపాడు. 1688లో సయాంలో తిరుగుబాటు రావడంతో అక్కడి జెసూట్లు కొందరు పుదుచ్చేరి చేరారు. వారిలో ఫాదర్ రిషో 1689 డిసెంబరులో ఒక తోకచుక్కను పరిశీలిస్తూ ఆల్ఫా సెంటారీ జంట నక్షత్రమని కనుగొన్నాడు. పుదుచ్చేరి నుంచి బయలుదేరిన కర్ణాటక మిషన్ తెలుగు పల్లెలకు విస్తరించింది. ఫాదర్ కాల్మెట్ 1730లలో తెలుగు లిపిలో ఉన్న వేద ప్రతులను పారిస్‌లోని రాజ గ్రంథాలయానికి పంపాడు. దుషాం చేసిందీ ఆ కోవలోని పనే, కాకపోతే ఆయన సేకరించింది లెక్కలు.

ఈ పట్టికలు కరణ గ్రంథాల తరహావి. కలియుగాది నుంచి అహర్గణం కట్టాలంటే రోజుల సంఖ్య లక్షలు దాటుతుంది. ఆ శ్రమ తగ్గించడానికి సిద్ధాంతులు దగ్గరి తేదీనొకదాన్ని మొదలుగా పెట్టుకునేవారు. కృష్ణాపురం పట్టికల మొదలు 1491 మార్చి 10. అది శాలివాహన శకం 1413, విరోధికృతు నామ సంవత్సరాది ముంగిట వచ్చిన అమావాస్య. మరో జెసూట్ ఫాదర్ పతూయే పంపిన నరసాపురం పట్టికలు 1569 మార్చి 17–18 నడిరేయి నుంచి మొదలవుతాయి. అదీ ఉగాది అమావాస్యే. తెలుగు పంచాంగకర్త చేతి గుర్తు ఇంతకన్నా స్పష్టంగా ఉండదు.

దుషాం పంపిన ప్రతి ఖగోళ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ నికొలా దెలీల్ కాగితాల్లో చేరింది. దాన్ని వెలికితీసి 1787లో భారతీయ ఖగోళ శాస్త్రంపై తన గ్రంథంలో విశ్లేషించినవాడు జాఁ సిల్వేఁ బాయీ. అయితే క్రీస్తు పూర్వం 3102 నాటి కలియుగాది గ్రహస్థితులు కళ్లారా చూసి రాసినవని ఆయన వాదించాడు. ఎడింబరోలో జాన్ ప్లేఫెయిర్ 1789లో ఆ వాదాన్ని బలపరిచాడు. సూర్యుడి గరిష్ఠ మందఫలం, అంటే సగటు స్థానానికీ అసలు స్థానానికీ మధ్య అత్యధిక తేడా, ఈ పట్టికల్లో 2 డిగ్రీల 10 నిమిషాలకు పైగా ఉంది. ఐరోపా లెక్కలో అది 2 డిగ్రీలకు లోపు. ఆ తేడాకు మూలమైన భూకక్ష్య ఉత్కేంద్రత కాలక్రమాన తగ్గుతోంది కనుక ఆ ఎక్కువ విలువ ప్రాచీనతకు సాక్ష్యమని ప్లేఫెయిర్ తర్కం. ఫ్రెంచి గణితజ్ఞుడు లాప్లాస్ ఒప్పుకోలేదు. ఆ గ్రహస్థితులు తర్వాతి కాలంలో వెనక్కి గణించి రాసినవేనని తేల్చాడు. నేటి చరిత్రకారులదీ అదే మాట.

బాయీ అతిశయోక్తి కూలినప్పుడు పట్టికల విలువ కూడా మసకబారడం అన్యాయం. వాటి గొప్పతనం వేల ఏళ్ల వయసులో లేదు. తిథులు, గ్రహణాలు లెక్కగట్టే ఒక సజీవ సంప్రదాయాన్ని అవి ఉన్నదున్నట్టు పట్టి చూపాయి. బాయీ, ప్లేఫెయిర్ వాదిస్తున్న కాలంలోనే సామ్యూల్ డేవిస్ సూర్యసిద్ధాంతాన్ని చదివి ఇంగ్లీషులో వివరించాడు. కృష్ణాపురం పట్టికల్లోని మందఫలం, ఏడాదికి 54 వికలల అయనచలనం ఆ సిద్ధాంతంలోనూ కనిపిస్తాయి.