రంగం వలస – కాగితాల చరిత్ర

ఉత్తరాంధ్ర వలసలను గురించి వ్రాసేవారు సాధారణంగా కరవుతో మొదలుపెట్టి ఓడతో ముగిస్తారు. కరవు తరిమింది, ఓడ తీసుకుపోయింది, ఇంటిదగ్గర ముసలితల్లి ఏడ్చింది. ఈ చరిత్రలో కన్నీళ్ళకు లోటు లేదుగాని కాగితాలకు చోటు లేదు. నా ఉద్దేశంలో పరాయిదేశంలో కాపురమున్న కూలివాని చరిత్రకు కాగితమే మొదటి ఆధారం. అతనిచేత పని చేయించుకొనేటప్పుడు ఏ కాగితమూ అడగనివారు ఎప్పుడు అడగడం మొదలుపెట్టారో, ఎందుకు మొదలుపెట్టారో తేల్చుకుంటే మిగతా కథ చాలవరకు తేలుతుంది.

మనవాళ్ళు రంగూన్‌ను రంగం అన్నారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవులనుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడల్లో డెక్కుమీద కూర్చుని పోయారు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. పాస్‌పోర్టు ప్రసక్తే లేదు. మేస్త్రీ ఇచ్చిన బయానా ఒక్కటే అతనికి ప్రవేశపత్రం. ఆ అప్పు తీరేదాకా కూలి మేస్త్రీ మనిషి. కోరంగి రేవు పేరుమీదుగా బర్మావారు తెలుగువాళ్ళను ‘కొరంగీ’లన్నారు, అది పోనుపోను తిట్టుమాటగా మారింది. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పదిలక్షల పైచిలుకు. రంగూన్ నగరంలో సగానికి పైగా వారే. రేవులో బస్తా మోసినవాడు, బియ్యం మిల్లులో ఊక ఎత్తినవాడు, రిక్షా లాగినవాడు చాలాచోట్ల మన శ్రీకాకుళం, విశాఖ, గోదావరి మనిషే.

వాళ్ళున్న ఇళ్ళ సంగతి చూడాలి. కూలీల బారకాసుల్లో ఒక్కొక్క గదిలో ఎంతమంది కిక్కిరిసి ఉండేవారో ఆ కాలపు ప్రభుత్వ విచారణలే వ్రాశాయి. 1933లో అచ్చయిన ఆండ్రూ పుస్తకం ‘ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్’ ఆ జీవితానికి ముఖ్యమైన సాక్ష్యం. ఆ నగరంలో అప్పటికే విద్యుత్తు ఉంది. ట్రాములు నడిపే కంపెనీయే ఇళ్ళకూ దీపాలకూ కరెంటు అమ్మేది. కాని గది అద్దెకు తీసుకొన్నది మేస్త్రీ. అద్దె రసీదు ఉంటే అతని పేర, దీపం బిల్లు ఉంటే ఇంటియజమాని పేర. కూలి పదేళ్ళు ఆ గదిలో పడుకున్నా, అక్కడ పడుకున్నట్లు చెప్పే అక్షరం ఎక్కడా లేదు. ఉన్నదల్లా మేస్త్రీ చిట్టాలో అప్పు పద్దు. ఇది అప్పటికి ఎవరికీ లోపంగా కనిపించలేదు. కనిపించవలసిన అవసరం యజమానులకు లేదు గదా!

1930లో రేవు తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టాయి. సమ్మె పరిష్కారమయ్యాక మే 26న వాళ్ళను పొమ్మన్నారు. అక్కడ రేగిన కొట్లాట నగరమంతా వ్యాపించి వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది మనవాళ్ళు. దీన్ని జాతివైరమని వ్రాసేసి చేతులు దులుపుకొన్న చరిత్రకారులున్నారు. ఇద్దరు బీదవాళ్ళ మధ్య ఒకే పనిని పెట్టి చోద్యం చూసినవాడి పేరు మాత్రం వాళ్ళ పుస్తకాల్లో కనిపించదు. ‘పరాయివాడు’ అన్న మాటకు చట్టంలో చోటు దొరకకముందే వీధిలో దొరికింది. చట్టం వెనకనుంచి వచ్చింది: 1937లో దేశాలు విడిపోయాయి, 1941లో ఇండియా–బర్మా ప్రభుత్వాలు ప్రవేశాన్ని పర్మిట్లకు కట్టిపడేసే ఒడంబడిక చేసుకొన్నాయి. గాంధీగారు దాన్ని ఖండించారు. అది అమలుకు రాకముందే 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాను బాంబులు పడ్డాయి. నాలుగైదు లక్షలమంది భారతీయులు, అధికభాగం కాలినడకన, కొండలు దాటి వచ్చారు. దారిలో పోయినవాళ్ళకు లెక్క లేదు.

అసలు పరీక్ష 1948 జనవరి 4 తర్వాత వచ్చింది. స్వతంత్ర బర్మా రాజ్యాంగం ఒకవిధంగా ఉదారమైనదే. బ్రిటిష్ రాజ్యంలో పుట్టినవాడు 1942 జనవరి 1కి గాని, 1948 జనవరి 4కి గాని ముందటి పదేళ్ళలో ఎనిమిదేళ్ళు బర్మాలో కాపురముంటే, ఇకముందూ ఉండదలచుకొంటే, పౌరసత్వం కోరుకోవచ్చునంది. చదవడానికి బాగానే ఉంది. కాని ‘కాపురం’ ఋజువు చెయ్యవలసినవాడెవడు? రెండుమూడేళ్ళకొకసారి ఊరికి పోయి, అప్పు తీర్చి, చెల్లెలి పెళ్ళి చేసి, మళ్ళీ ఓడ ఎక్కినవాడు. దుకాణదారుకు లైసెన్సుంది, చెట్టియారుకు దస్తావేజుంది, గుమాస్తాకు జీతపు పట్టీ ఉంది. కూలికి మేస్త్రీ చిట్టా ఉందనుకొంటే అదీ యుద్ధంలో పోయింది. ఎనిమిదేళ్ళు అతని వీపు చెప్పగలదుగాని, వీపును కచేరీలో దాఖలు చేయడానికి వీల్లేదు.

కోరుకోనివాడూ, కోరుకోలేనివాడూ విదేశీయుల రిజిస్టరులో చేరాలి. ఆ ధ్రువపత్రాన్ని ఏటా రుసుము కట్టి కొత్తది చేసుకోవాలి. నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు తన తాత దాచుకొన్న అటువంటి కాగితం తెచ్చి చూపించాడు. ఏటేటా పడిన ముద్రలు తప్ప అందులో చదవదగ్గది లేదు. ఒక మనిషి ఒకే ఊళ్ళో ఒకే పని చేస్తూ ఏడాదికొకసారి కొత్తగా పరాయివాడవుతూ వచ్చాడు.

1962లో నే విన్ సైనికప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి. అదే ఏడాది మే 17న యాభై, నూరు క్యాట్ నోట్లు చెల్లవన్నారు. జాతీయకరణమనే మంచిమాట ఇక్కడ ఎంత చిన్న బతుకులమీద పడిందో అభ్యుదయవాదులమైన మనం దాచిపెట్టడం న్యాయం కాదు. తర్వాతి కొద్ది సంవత్సరాల్లో లక్షకు పైగా భారతీయులు ఓడల్లో తిరిగివచ్చారు. విశాఖలో దిగినవాళ్ళకు ఆఫీసు భాషలో పేరు ‘బర్మా కాందిశీకులు’. కంచరపాలెం దాపున వాళ్ళ పేట పేరు నేటికీ బర్మా క్యాంపే. మూడు తరాలు గడిచినా క్యాంపు అన్న మాట ఊడలేదు! తాతముత్తాతల జిల్లాలోనే తాము ఎవరో మళ్ళీ ఋజువు చేసుకోవలసివచ్చింది.

అక్కడే ఉండిపోయినవారి సంతతిమీద 1982 పౌరసత్వ చట్టం మూడు మెట్లు కట్టింది: పూర్తిపౌరుడు, సహపౌరుడు, స్వీకృతపౌరుడు. కార్డుల రంగులు గులాబి, నీలం, ఆకుపచ్చ. యాంగోన్‌లో ఇంటికి మీటరు కావాలన్నా గుర్తింపుకార్డు, కుటుంబ జాబితా, పేట అధికారి సిఫార్సు అడుగుతారు. కార్డు రంగుకూ ఇంట్లో దీపానికీ అంత దగ్గరి చుట్టరికం.

మన దగ్గర అంతకంటె మేలా అంటే, చట్టం వరకు మేలే. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షను యజమాని గాని, ఆవరణలో ఉంటున్నవాడు గాని దరఖాస్తు పెడితే సరఫరా ఇవ్వాలంది. ‘ఉంటున్నవాడు’ అన్నదిగాని, ఏ దేశపువాడని అడగలేదు.  కౌంటరు దగ్గర మాత్రం ఉంటున్నట్లు కాగితం చూపాలి. విదేశీయుల రిజిస్ట్రేషను కచేరీ అద్దెపత్రమో కరెంటు బిల్లో అడుగుతుంది. ఇంటివాడు ముందు ఆ రిజిస్ట్రేషను చూపమంటాడు. విదేశీయుణ్ణి ఇంట్లో దింపినవాడు 24 గంటల్లో ప్రభుత్వానికి తెలపాలి గనక అతని భయమూ అర్థంలేనిది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివే ఆఫ్రికా విద్యార్థి ఈ గానుగ చుట్టూ తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. ఉక్కు కర్మాగారానికి 1979 ఒప్పందం మీద వచ్చిన సోవియట్ నిపుణుల వెనక రెండు ప్రభుత్వాలున్నాయి; ఈ కుర్రవాడి వెనక అతని అమ్మ పంపే డబ్బు తప్ప ఏమీ లేదు.

బర్మా క్యాంపు ట్రంకుపెట్టెల్లో ఆ ముద్రల కాగితాలు ఇంకా కొన్ని ఉన్నాయి. చెదలు వాటికోసం ఆగవు. వాటికి నకళ్ళు తీసి, దాచినవాళ్ళచేత చదివించి, వాళ్ళు చెప్పేది వ్రాసుకోవలసిన పని ఒక్క చరిత్రశాఖది కాదు, మా తెలుగుశాఖలది కూడా.